పెసరగింజంత తేడా

మూడో అంతస్తు, కిటికీ గది

పొట్టక్కకు,

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని అడుగుతావని తెలుసు. ఫోన్లో నీ మాటల కంటే నీ మెషీను రొదే అమ్మకు ఎక్కువ వినపడుతోంది. ఉత్తరమైతే పక్కన కూర్చుని నేను చదివి వినిపిస్తాను, నచ్చిన చోట మళ్ళీ చదివించుకుంటుంది. కాబట్టి బద్ధకించకుండా రాయి.

ఇక్కడ అమ్మ బాగానే తింటోంది, నడుస్తోంది, నీ మరిదితో ప్రతి చిన్నదానికీ వాదిస్తోంది. బాగాలేనివల్లా ఆవిడ చేతులే. మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్క కుట్టు కుట్టలేదు. కళ్ళు కనబడవు కదా, ఇంకేం కుడుతుంది అంటారు చుట్టుపక్కల వాళ్ళు. కళ్ళద్దాల షాపులో పనిచేసే కూతురికి ఆ మాట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆవిడ కంటికి పనికొచ్చే అద్దం మా షాపులోనే కాదు, ఎక్కడా లేదు. కానీ చూపు మసకబారాక కూడా అమ్మ చాలాకాలం కుట్టిందని మనిద్దరికీ తెలుసు. బట్టలు కత్తిరించే బల్ల అంచున ఆకురాయితో తీసుకున్న గాట్లే ఆవిడ టేపు. ఎడమ చివర బట్ట ఆనించి, గాటు మీద వేలు పెట్టి, అక్కడ కత్తిరించేది. చేతి పొడుగు ఒక గాటు, చొక్కా పొడుగు ఇంకోటి, అలా ఇప్పటికీ మనం ఇంట్లో వేసుకునే గౌన్ల దాకా, నీకొకటి నాకొకటి.

నేనొక కొత్త బల్ల కొన్నాను. అంచు పొడవునా ఓసారి చెయ్యి రాసి "ఇది బోడిగా ఉందేమే" అంది. మళ్ళీ దాని జోలికి పోలేదు.

ఆవిడ బల్ల నీ వర్క్‌షాపులో ఉంది. అది మొత్తంగా మా మెట్ల మలుపు తిరగదు. తిరిగినా బీరువాకీ గోడకీ మధ్య ఉన్న సందులో పట్టదు. సగానికి కోసి, గాట్లున్న వైపు పంపు. రెండో సగం నువ్వు ఉంచుకో. నీకిది ఒక పూట పని.

ఇప్పటికీ నీకంటే పొడుగైన
నీ చెల్లెలు


వర్క్‌షాపు

పొడుగూ,

ఒక పూట పనేనా? నువ్వు అద్దాలు అరగదీయడం కూడా నాకు అలాగే కనిపిస్తుందిలే.

బల్ల ఇస్తాను. దాని మీదే నేను సొరుగులు బిగిస్తుంటాను, జిగురు పెట్టిన అలమారా ఒకటి ఇప్పుడు కూడా దాని మీదే ఆరుతోంది. సగం ఉన్నా నాకు సరిపోతుంది. కానీ కొలత అంకెల్లో చెప్పకు. నీ టేపు వేరు, నా టేపు వేరు, మరిది టేపు చివర కొక్కెం ఊగుతుందని నేనే చూశాను. ఆ సందులో సరిగ్గా పట్టే కర్ర ఒకటి కోసి పంపండి. మా పనిలో అంకె కంటే కర్రనే నమ్ముతాం. దూర్చేటప్పుడు గోడను రాసుకోకూడదు, అలాగని వదులుగా ఊగకూడదు.

ఇంకో సంగతి, ఏ బ్లేడుతో కోయాలో చూసుకోవాలి. నా దగ్గర ఎప్పుడూ వాడే మామూలు బ్లేడు ఉంది. ఈమధ్య సన్న బ్లేడు ఒకటి కొన్నాను, ఇంకా మెషీనుకు ఎక్కించలేదు. మామూలు బ్లేడు తినే చెక్కలో ముప్పావు వంతే అది తింటుంది. నా మోటారు చిన్నది కాబట్టి దానికీ ఆయాసం తగ్గుతుందట. అయితే అమ్మ బల్ల పాత చెక్క, బాగా మందం. ఆలోచించాలి.

కత్తెర భద్రంగా నా దగ్గరే ఉందని అమ్మతో చెప్పు. దాంతో ఎవరినీ కాగితం కూడా కోయనివ్వడం లేదు.

నీ అక్క


మూడో అంతస్తు

అక్కా,

కర్ర బస్సు పార్సిల్లో వస్తోంది. అది మా పాత కర్టెన్ కర్ర, నవ్వకు. ముందు కోసిన రెండూ పొట్టివయ్యాయి. "కోసే కొద్దీ తగ్గుతుందే గానీ పెరగదేం?" అని నీ మరిది విసుక్కున్నాడు. మూడోది సందులో చక్కగా కూర్చుంది.

బ్లేడు గొడవ అమ్మకు చదివాను. "ఏదో ఒకటి పెట్టి కోసెయ్యమను. చిన్నప్పుడు పెన్సిలు చెక్కమన్నా అది ఇంతే, మొన ఎటుంటే బాగుంటుందని ఒక పూట ఆలోచించేది" అంది. నవ్వుతూనే అందిలే.

నిన్న షాపు నుంచి వచ్చేసరికి దుప్పటి అంచు విప్పదీసుకుని కూర్చుంది. బాగున్న అంచే. "కుట్టు వదులైందే" అంది. ఏమీ వదులవలేదు. చేతులకు ఏదో ఒకటి కావాలి, అంతే. తొందరగా పంపు.

చెల్లి


వర్క్‌షాపు

పొడుగూ,

కర్ర అందింది. మరిది బాగా కోశాడని చెప్పు. బల్ల ఎడమ చివర ఆనించి పెట్టి చూశాను.

ఇక్కడి నుంచి విసుక్కోకుండా చదువు. రంపం గీత గీసినట్టు కోయదు. బ్లేడు పళ్ళు ఎంత వెడల్పో అంత చెక్క పొట్టయిపోతుంది. అందుకని మేం గీత గీశాక, పారేసే ముక్క ఎటు వస్తుందో అటు ఒక ఇంటూ మార్కు పెడతాం. బ్లేడు తినేదంతా ఇంటూ వైపే తినాలి, ఉంచుకునే ముక్కను ముట్టుకోకూడదు. పని నేర్చుకునేవాళ్ళకు మొదటిరోజే చెప్పే పాఠమిది. ఇన్నేళ్ళలో ఇంటూ ఎటు పెట్టాలో తోచక పెన్సిలు పట్టుకుని నిలబడింది ఈ బల్ల ముందే. దీనికి పారేసే వైపు లేదు.

అందుకే సన్న బ్లేడు మీద నా చూపు. తక్కువ తింటుంది. కానీ అది పల్చటి రేకు, మందం చెక్కలోకి దిగితే వేడెక్కి అటూ ఇటూ ఊగుతుందని భయం. మామూలు బ్లేడు నిటారుగా పోతుంది, కాకపోతే తిండి ఎక్కువ, మోటారూ మూలుగుతుంది.

సన్నదాన్ని ఎక్కించి ఒక పాత దూలం ముక్క మీద పరీక్ష చేశాను. కొంచెం కోసేసరికి చెక్క ఠక్కున ఆగిపోయింది. బ్లేడు వెనకే నిలువుగా ఒక ఇనప రేకు ఉంటుంది, కోసిన చీలిక మూసుకుపోయి బ్లేడును పట్టేయకుండా అది ఆపుతుంది. నా మెషీను రేకు మామూలు బ్లేడుకు తగిన మందం, సన్న చీలికలో అది దూరదు. రేకు పీకేసి కోసేవాళ్ళున్నారు. చెక్క ఎదురు తన్ని ఆస్పత్రిలో పడేవాళ్ళూ వాళ్ళే. అందుకని సన్న రేకు కోసం షాపువాడికి చెప్పాను. వచ్చేదాకా ఆగండి.

అక్క


మూడో అంతస్తు

అక్కా,

రేకు రావాలన్నావు, ఆగాం. వచ్చిందని ఫోన్లో చెప్పావు, మళ్ళీ ఆగాం. ఇప్పుడేమో చెక్క తేమ ఆరాలంటున్నావు. అమ్మ పెళ్ళికి ముందు చేసిన బల్ల అది, ఇంకా ఏం తేమ ఆరాలి?

ఈ ఉత్తరం అమ్మకు వినిపించడానికి కాదు, నీకు వినిపించడానికి. ఆ దుప్పటి అంచు అమ్మ తిరిగి కుట్టింది. పరుపు సర్దుతుంటే దాని కింద మడిచి పెట్టి కనబడింది. వంకరగా ఉంది. ఆవిడ తన వేలితోనే తడిమి చూసుకుని, తెలిసి, నాకు కనబడకుండా దాచుకుందన్నమాట. అమ్మ వంకర కుట్టు నువ్వెప్పుడైనా చూశావా? నేను ఆ దుప్పటి పట్టుకుని అక్కడే కూర్చుని ఏడ్చాను.

పారేసే వైపు లేదని గొప్పగా రాశావు. బ్లేడు ఎంత తింటుంది, గోరంత? ఆ గోరంత కోసం ఆవిడ చేతులు కట్టేసి కూర్చోబెడతావా? నిజం చెప్పు. అది బ్లేడు సంగతి కాదు, బల్ల ఇవ్వడానికి నీకు మనసు రావడం లేదు. ఆ మాటే రాసేస్తే నేనింకో ఏర్పాటు చేసుకుంటాను.

చెల్లి


వర్క్‌షాపు

(మొదటి కాగితం)

పొడుగూ, అమ్మా,

కొత్త రేకు బిగించి, సన్న బ్లేడుతో దూలం ముక్క కోసి చూశాను. మెషీను హాయిగా పోయింది, మోటారు నోరెత్తలేదు. కానీ ముక్క తిప్పి చూస్తే పైన గీత మీదున్న కోత కింద పక్కకు జరిగింది. రెండోసారి నెమ్మదిగా తోశాను. తక్కువ జరిగింది గానీ జరిగింది. పల్చటి పలకలకు ఇదే బ్లేడు బంగారంలా పనిచేస్తుంది, దాని తప్పేం లేదు. ఈ మందానికి అది చాలదు.

ఇక రెండు రోజుల్లో ఏదో ఒకటి తేల్చేస్తాను. అమ్మా, బాగున్న దుప్పటి అంచు విప్పుకుంటూ కూర్చోకు. మా ఇంట్లో కర్టెన్లకు అంచులు లేవు, అన్నీ నీకే పంపుతాను.

(రెండో కాగితం, అమ్మకు చదవొద్దు)

మనసు రావడం లేదన్నావు. నిజమే. అయితే నువ్వనుకున్నందుకు కాదు.

నువ్వు పంపిన కర్ర ఎక్కడ ఆగిందో తెలుసా? మన గౌను గాట్ల మధ్య. ముందు నాది, దాని తర్వాత నీది. నీది కొంచెం అవతలుంది కాబట్టే కదా ఇన్నేళ్ళుగా పొడుగునని ఎగురుతున్నావు. ఆ రెండింటి మధ్య మిగిలిన చెక్క పెసరగింజంత. సన్న బ్లేడు సరిగ్గా మధ్య నుంచి పోతే రెండూ మిగులుతాయి. అది ఊగితే రెంటిలో ఒకటి పోతుంది, ఏది పోతుందో చెప్పలేను. మామూలు బ్లేడైతే ఏది పోవాలో నేనే ఎంచుకోవాలి. ఇంటూ పెట్టలేకపోయింది అందుకే.

ఇంకా చెప్పనా? అమ్మ ఇక్కడ ఉండి ఉండి, ఒకరోజు సంచి సర్దుకుని నీ దగ్గరికి పోతానంది. పొట్టు పడటం లేదంది. వర్క్‌షాపు మూసేసి కొన్నాళ్ళు పని మానేస్తానన్నాను, అయినా ఆగలేదు. నువ్వంటేనే ఇష్టమని అప్పటి నుంచి నా లోపల ఒక మూల పడి ఉంది. ఇప్పుడు బల్ల కూడా నీ ఇంటికే వస్తోంది, దాని మీద నా గాటు కూడా నా చేత్తోనే కోసుకోవాలా అనిపించింది. చిన్నపిల్లలా ఉన్నానని తెలుసు. బట్టతల మొగుడు, కీళ్ళనొప్పులు ఉన్న మనిషికి ఈ ఏడుపేమిటని నువ్వు నవ్వినా నాకు కోపం రాదు.

అక్క


మూడో అంతస్తు

అక్కా,

నేను నవ్వలేదు. ముందు అది తెలుసుకో.

రెండో కాగితం దాచాలనే చూశాను. మొదటిది చదివి మడుస్తుంటే అమ్మ అడిగింది: "ఇంకో కాగితం విప్పిన చప్పుడైందే, అది చదవలేదేం?" బిల్లు అన్నాను. "మీ అక్క బిల్లు కూడా అంత మెత్తటి కాగితం మీద రాస్తుందా?" అంది. ఆవిడ ముందు నేనెప్పుడు అబద్ధం ఆడి గెలిచాను? చదివేశాను. కీళ్ళనొప్పుల దాకా మొత్తం.

ఆ కాగితం నా దగ్గర తీసుకుని, మడిచి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత కలం తీసుకోమంది. "నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సొంత పైత్యం కలపకు" అంది. ఇదిగో, అక్షరం మార్చకుండా:

"ఒసేయ్ పెద్దదానా. నీ మీద ఇష్టం లేక నేను రాలేదే. ఆ పొట్టు గొంతులో దిగి నాకు ఊపిరాడలేదు. నువ్వేమో షాపు మూసేసి నా పక్కన కూర్చుంటానన్నావు. నేను ఏ రోజైనా ఒకరి కోసం కత్తెర కింద పెట్టానా? నువ్వు నా కోసం రంపం కింద పెట్టడం నాకిష్టం లేక వచ్చేశాను. చెబితే వాదిస్తావని చెప్పలేదు. చెప్పాల్సింది.

"ఇక బల్ల. చిన్నది ఇక్కడే ఉంది. కేకేస్తే వస్తుంది, భుజం మీద చెయ్యేసి ఎప్పుడు కావాలంటే అప్పుడు కొలుచుకుంటాను. దాని గాటు పోతే పోనీ. నువ్వు నా చేతికి అందేది ఆ గాటులోనే. నాకది కావాలి. దాని చుట్టూ చెక్క గట్టిగా మిగలాలి, రేపు నా వేలి కింద రాలిపోకూడదు. నిటారుగా పోయే బ్లేడే పెట్టు. సన్నదానితో ఆటలొద్దు."

ఇంతవరకు అమ్మ. నా గాటు పోతే పోనీ అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది, దాచుకోను. "నేను వండిపెడుతున్నాను, దాని గాటు కావాలా నీకు?" అని అడిగేశాను కూడా. "వండిపెడుతున్నావు కాబట్టే" అంది. అలా అంటూ ఆ బోడి బల్ల అంచు మీద వేలు ముందుకీ వెనక్కీ రాస్తోంది, నీ గాటు ఎక్కడుండాలో అక్కడ ఆపుతోంది.

పోయిన ఉత్తరంలో నేను కటువుగా రాశాను. ఏమీ అనుకోకు. మామూలు బ్లేడు పెట్టి కోసెయ్. ఇంటూ నా మీద పెట్టు.

చెల్లి


వర్క్‌షాపు

పొడుగూ,

కోశాను.

మామూలు బ్లేడు పళ్ళు సాన పట్టించి, వెనక రేకు కూడా పాతదే మళ్ళీ బిగించాను. కోత చివర్లో బల్ల రెండు ముక్కలూ కిందికి వాలి బ్లేడును నొక్కకుండా రెండు వైపులా స్టాండ్లు పెట్టాను. ఇంటూ నీ గాటు మీద పెట్టాను. పెన్సిలు ఒత్తిపెట్టి గీయలేకపోయాను గానీ, పెట్టాను. మోటారు మూలిగింది, చెక్క కాలిన వాసన కూడా కొంచెం వచ్చింది, నేను తొందరపడలేదు. బ్లేడు మాత్రం వెంట్రుకవాసి జరగలేదు. తిప్పి చూస్తే పైనా కిందా ఒకటే కోత. మూలమట్టం ఆనించి చూస్తే మధ్యలోంచి వెలుతురు కూడా దూరలేదు.

నీ గాటు పొట్టయిపోయింది. ఊడ్చేటప్పుడు చీపురు పట్టుకుని కాసేపు ఆగాను. నా గాటు పక్కన చెక్క గట్టిగా ఉంది, అమ్మ ఎంత నొక్కినా రాలదు.

ఒక చిన్న సంగతి. బల్ల మీ కర్ర కంటే కొంచెం పొడుగొస్తుంది. కొలత తప్పి కాదు, కావాలనే అలా కోశాను. ఎందుకో నేను చెప్పను, అమ్మ చూసుకుంటుంది. సందులో పట్టకపోతే గోడ సున్నం కాస్త గీకమని మరిదికి చెప్పు. మూడు కర్రలు కోసినవాడికి అదో లెక్కా?

కోసిన వైపు కొత్త కాళ్ళు బిగించాలి. అది వేరేవాళ్ళ చేతికి ఇవ్వను. వ్యాను వెంట నేనే వస్తున్నాను. కత్తెర తెస్తాను. తలంటుకుని ఉతికిన బట్టలు వేసుకుని వస్తానని, ఒంటి మీద ఒక్క రవ్వ పొట్టు ఉండదని అమ్మతో చెప్పు. నా కొలత కూడా మళ్ళీ తీసుకోమను, ఆ గాటు నాటికి నేనింత లావు లేను.

అక్క


మూడో అంతస్తు, కిటికీ గది

అక్కా,

నువ్వు బస్సెక్కి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నీ మరిది గోడ దగ్గర రాలిన సున్నం ఇప్పటికీ ఊడుస్తూనే ఉన్నాడు.

కాళ్ళ జిగురు ఆరేదాకా బల్ల ముట్టుకోవద్దన్నావు కదా, నువ్వెళ్ళిన మర్నాడు నేను షాపు నుంచి వచ్చేసరికి అమ్మ బల్ల ముందు నిలబడి ఉంది, భుజం మీద బట్ట, చేతిలో కత్తెర. ముందు నీ గౌనే కత్తిరించింది. వేలు నీ గాటులో పడగానే ఒక నిట్టూర్పు వదిలింది. నేను విననట్టు వంటింట్లోకి పోయాను.

అదయ్యాక నా గౌనుకు బట్ట పరిచింది. "మరి నా గాటు లేదు కదమ్మా, రా, భుజం దగ్గర కొలుచుకో" అని వెళ్ళి పక్కన నిలబడ్డాను. పట్టించుకోలేదు. ఎడమ చివర బట్ట ఆనించి, అరచేత్తో నిమురుకుంటూ కుడి చివరి దాకా పోయింది. నీ గాటు దాటింది. బల్ల అయిపోయిన చోట బట్ట కిందికి జారింది. అక్కడ చెయ్యి ఆగింది. కోసిన అంచు మీద బొటనవేలు రెండుసార్లు అటూ ఇటూ రాసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, ఆయాసం వచ్చేదాకా నవ్వింది.

"మీ అక్క బ్లేడు అంచు సరిగ్గా నీ గాటు నడుమకు ఆనించి కోసిందే. నీకింక గాటెందుకు? బల్ల అంచే నువ్వు" అంది.

ఇదన్నమాట నువ్వు చెప్పనన్నది. నా దగ్గర మూడు రోజులుండి, కాళ్ళు బిగించి, నా చేతి కాఫీ తాగి, ఒక్క ముక్క బయటపెట్టకుండా వెళ్ళావు కదా. నీ సంగతి తర్వాత చూస్తాను.

నా గౌను వేసుకున్నాను, ఎక్కడా ఒక్క పోగు ఎక్కువ తక్కువ లేదు. కుట్టు అంతా నేను వేలితో తడిమి చూశాను, వంకర లేదు. ఆ దుప్పటి కూడా పరుపు కింద నుంచి తనే తీసి, విప్పి మళ్ళీ కుడుతోంది. నీ కర్టెన్లు పంపు.

నీ గౌను పార్సిల్లో వస్తోంది. నాదాని పక్కన పెట్టి చూశాను. పెసరగింజంత పొట్టిగానే ఉంది.

నీ చెల్లెలు